ఆ సభ మాట ఈ సభలో ఎత్తకూడదా?

"రాజ్యసభలో అన్న మాటను లోక్‌సభలో ప్రస్తావించకూడదంటారు. ఇది రూలా, మర్యాదా?" అని అడిగారు.

రెండూ. లోక్‌సభ నిబంధనల్లో 354వది ఇదే: రాజ్యసభ ప్రసంగాన్ని ఇక్కడ ఉటంకించకూడదు, మంత్రి చేసిన స్పష్టమైన విధాన ప్రకటన అయితే తప్ప. అటువైపూ ఇదే మర్యాద పాటిస్తారు. ఆ 'అయితే తప్ప'లో ఎంత సందు ఉందో నేను ప్రెస్ గ్యాలరీలోంచి చూశాను.

ఢిల్లీలో ఒక తెలుగు పత్రికకు పార్లమెంటు వార్తలు రాసే రోజులవి. విభజన అయిపోయింది, ప్రత్యేక హోదా గొడవ నడుస్తోంది. మన ఎంపీ ఒకాయన లేచి, "నిన్న రాజ్యసభలో ఒక సభ్యుడు ఏమన్నారంటే..." అన్నారో లేదో, స్పీకర్ కుర్చీలో ఉన్నవారు బెల్లు కొట్టారు. ఆ సభ సంగతి ఇక్కడొద్దన్నారు. మనాయన ఏమాత్రం తడబడలేదు. జేబులోంచి నలిగిపోయిన జిరాక్స్ కాగితం తీసి, 2014 ఫిబ్రవరి 20న మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటన చదవడం మొదలెట్టారు. పదమూడు జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్న ప్రకటన. అదీ రాజ్యసభలో అన్న మాటే! కానీ అన్నది ప్రధాని, అది విధాన ప్రకటన. కుర్చీ నోరెత్తలేదు. పక్కనున్న సీనియర్ నా చెవిలో, "చూశావా, రూలు చదువుకుని మరీ వచ్చాడు" అన్నారు.

బయటికొచ్చి డెస్కుకు ఫోన్ చేస్తే, "ఆ రూళ్ల గోల ఎవడు చదువుతాడు, ప్లకార్డుల ఫొటో ఉంటే పంపు" అన్నారు. తెలుగు పాఠకుడికి పార్లమెంటు అంటే అరుపులే అని ఎవరు నేర్పారో మీరే ఆలోచించండి.

ఈ మర్యాద ఊరికే రాలేదు. 1954లో ప్రత్యేక వివాహ బిల్లు విషయంలో లోక్‌సభ సభ్యుడు ఎన్.సి. ఛటర్జీ (తర్వాత స్పీకరైన సోమనాథ్ ఛటర్జీ తండ్రి) ఒక బహిరంగ సభలో రాజ్యసభను పట్టుకుని, పెద్దల సభ అల్లరి పిల్లల మూకలా ప్రవర్తిస్తోందన్నారు. రాజ్యసభ కార్యదర్శి నుంచి ఆయనకు లేఖ వెళ్లింది. మా సభ్యుణ్ణి అడగడానికి మీరెవరని లోక్‌సభలో రగడ. చివరికి రెండు సభల హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని దారి వేశాయి: మా పిల్లాడు మీ కిటికీ పగలగొడితే మాకు చెప్పండి, మేమే అడుగుతాం అన్నట్టు. అవతలి సభ ఫిర్యాదు మాత్రమే పంపాలి, విచారణ సొంత సభదే. నా లెక్కలో ఆ ఒప్పందం లేకపోతే ఈ రెండు సభలూ ఆర్నెల్లు కలిసి నడిచేవి కావు.

పెద్దల సభ ఉత్సవ విగ్రహమనే వాళ్లకి ఒక మాట. ద్రవ్య బిల్లును (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లును) రాజ్యసభ ఆపలేదు, 14 రోజుల్లో తిప్పి పంపాల్సిందే. అయినా పంపేటప్పుడు, ఈ బిల్లుపై లోక్‌సభకు మేం చేసే సిఫార్సులేవీ లేవని పద్ధతిగా రాసి పంపుతారు. అవతల సెక్రటరీ జనరల్ లేచి, ఎంత గందరగోళం ఉన్నా ఆ సందేశం చదువుతారు. ఇదే మన్మోహన్ పదేళ్లూ రాజ్యసభ సభ్యుడిగానే ప్రధానిగా ఉన్నారు. 2008 జులైలో లోక్‌సభలో విశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే, అందులో ఓటు లేనిదీ ఆయనకే.

నా అసలు బాధ వేరే ఉంది. పాత భవనంలో సెంట్రల్ హాల్ ఉండేది. అది ఏ సభ సొత్తూ కాదు. సభలో పేరెత్తకూడని మనిషిని అక్కడ టోస్టు తింటూ మొహం మీదే అడిగేయొచ్చు. 1961 మే నెలలో వరకట్న నిషేధ బిల్లుపై మొదటి ఉమ్మడి సమావేశం అక్కడే జరిగింది, అధ్యక్షత వహించింది అప్పటి లోక్‌సభ స్పీకర్, మన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 2023లో తెరిచిన కొత్త భవనంలో అలాంటి హాలే లేదు. రాష్ట్రపతి ప్రసంగమంటే రాజ్యసభ వాళ్లు లోక్‌సభ గదిలోకి వచ్చి సర్దుకోవాలి. ఆ గదిలో 1272 మంది పడతారని గొప్పగా చెప్పారు గానీ, రెండు సభల వాళ్లూ కలిసి కూర్చుని టీ తాగే చోటు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.