పదివేల అడుగులు, నాలుగింటి బజ్జీలు

ప్రశ్న: గచ్చిబౌలిలో మూడొందల మంది ఉన్న ఆఫీసులో హెచ్‌ఆర్‌ చూస్తాను. రోజుకు పదివేల అడుగుల పోటీ పెట్టాం, గెలిస్తే స్మార్ట్ వాచీ. మొదటి వారం నూట ఇరవై మంది చేరారు, నెల తిరిగేసరికి ఇరవై మంది మిగిలారు. ఉచితంగా రక్తపరీక్షలు చేయిస్తామన్నా రావడం లేదు. వీళ్లను మార్చేదెలా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ ఇరవై మంది ఎవరో ఓసారి చూడండి. పోటీ పెట్టకముందూ పొద్దున్నే నడిచేవాళ్లే అయ్యుంటారు, మీరు వాళ్లకు వాచీ ఇచ్చారంతే. అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థలో కొన్ని శాఖల్లో ఇలాంటి కార్యక్రమం పెట్టి, మిగతా శాఖలతో పోల్చి, దాదాపు 33 వేల మంది లెక్కలు 2019లో బయటపెట్టారు. ఏడాదిన్నర తర్వాత వ్యాయామం చేస్తున్నామని చెప్పేవాళ్లు పెరిగారు గానీ బరువులో, బీపీలో, కొలెస్ట్రాల్‌లో, ఆస్పత్రి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అన్నట్టు ఆ పదివేలు కూడా ఏ డాక్టరూ తేల్చిన లెక్క కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మడానికి 'పదివేల అడుగుల మీటర్' అని పేరు పెట్టారు, అదే అందరికీ పట్టుకుంది.

కాబట్టి మనుషుల్ని కాసేపు వదిలేసి ఆఫీసును చూడండి. సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో మిరపకాయ బజ్జీ తప్ప ఇంకేమీ దొరక్కపోతే, ఆకలేసినవాడు బజ్జీ తినక ఏం చేస్తాడు? పక్కనే ఉడికించిన శనగలో, జామకాయ ముక్కలో అదే ధరకో, రెండు రూపాయలు తక్కువకో పెట్టించండి, బజ్జీ మాత్రం తీసేయకండి, గొడవైపోతుంది. టీ మెషీన్‌లో పోసే పొడిలో చక్కెర ముందే కలిసి ఉందేమో చూడండి, ఉంటే చక్కెర లేనిది తెప్పించి, కావాల్సినవాళ్లు వేసుకునేలా చక్కెర పొట్లాలు పక్కనే ఉంచండి.

అసలు సంగతి నిద్ర. రాత్రి పదకొండుకు క్లయింటు కాల్ ముగించుకుని, తిని పడుకునేసరికి ఒంటిగంట అయ్యేవాణ్ని పొద్దున్నే లేచి నడవమంటే నవ్వుతాడు. రాత్రి కాల్ ఉన్నవాళ్లు మర్నాడు ఆలస్యంగా రావచ్చని కాగితం మీద పెట్టించగలరా? వాచీల కన్నా అదే కష్టం, మేనేజర్లు ఒప్పుకోరు, అయినా అడగండి.

రక్తపరీక్షలకు రాకపోవడం బద్ధకం కాదు, భయం. షుగరుందని తెలిస్తే ప్రమోషన్ పోతుందేమో అనుకుంటారు. రిపోర్టు నేరుగా ఉద్యోగికే పంపాలనీ, పేర్లతో ఏదీ ఆఫీసుకు రాకూడదనీ ల్యాబ్‌తో రాయించుకుని, ఆ కాగితాన్నే అందరికీ మెయిల్ చేయండి.