హెడ్‌సెట్‌లో బాయిలర్ చూపిస్తే ట్రైనింగ్ అయినట్టేనా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఐటీఐ ఫిట్టర్ చేశాను. కాంట్రాక్టరు కింద థర్మల్ ప్లాంట్ల షట్‌డౌన్ (రిపేర్లకు ప్లాంటు ఆపినప్పటి) పనులకు తిరుగుతుంటాను. ఈసారి కంప్యూటర్ బొమ్మను కళ్లముందు నిజంలా చూపించే వీఆర్ హెడ్‌సెట్ పెట్టి, అరగంట బొమ్మ బాయిలర్ చూపించి, ట్రైనింగ్ అయిందని సంతకం తీసుకున్నారు. దీంతో నిజం బాయిలర్‌లోకి దిగొచ్చా? అడిగితే పని పోతుందని టెన్షన్.
– ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఆ హెడ్‌సెట్‌ను మరీ తీసిపారేయకు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి, లోపలంతా పొగ కమ్మి 9 మంది చనిపోయారు. అలాంటి పొగ నిజంగా నింపి డ్రిల్ చేయించలేం కదా! హెడ్‌సెట్‌లో చేయించొచ్చు. ఎన్నిసార్లు దారి తప్పినా ప్రాణానికేం కాదు. కరెంటు ఆపే ఏ బ్రేకర్ ముందు ఆపాలి, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం ఎక్కడ వేయాలి అన్న వరుస కూడా బాగానే వంటబడుతుంది. కొందరికి కళ్లు తిరుగుతాయనుకో.

నిజం బాయిలర్ డ్రమ్ములోకి దూరడం మాత్రం వేరే లెక్క. మ్యాన్‌హోల్‌లో భుజాలు ఇరుక్కోవడం, చెమటకు స్పానర్ జారడం హెడ్‌సెట్‌లో తెలియవు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. తగ్గిందని ముక్కు చెప్పదు, మీటరే చెప్పాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ నుంచీ ఉన్న నియమమే ఇది: అర్హత ఉన్న వ్యక్తి పరీక్షించి రాసివ్వాలి. లేదా శ్వాస పరికరం, బెల్టు కట్టుకుని దిగాలి. బెల్టు తాడు రెండో కొస బయట ఉన్నవాడి చేతిలో ఉండాలి. తగిన రక్షణ లేకుండా 24 వోల్టులు దాటిన లైటు లోపలికి తీసుకుపోకూడదు.

సేఫ్టీ ఆఫీసరుగా ఉన్నప్పుడు కాగితాలకన్నా ముందు ఆ తాడు పట్టుకున్నవాణ్ని చూసేవాణ్ని. ఫోన్‌లో మునిగి కనిపిస్తే పని ఆపించేవాణ్ని. తిట్లూ పడ్డాను.

పని పోతుందన్న నీ భయం ఉత్తది కాదు. అందుకే ఒక్కడివే అడగకు. బ్యాచ్ అంతా కలిసి, లోపలికి దిగే పర్మిట్ మీద సంతకం పెట్టే ప్లాంటు ఇంజనీరునే అడగండి: ‘‘సార్, రీడింగ్ ఎంతొచ్చింది? తాడు దగ్గర ఎవరుంటారు?’’ భద్రత సమాచారం అడిగే హక్కు ఆ పాత చట్టం 111-ఎ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. సంతకం పెట్టిన కాగితం ఫొటో తీసి పెట్టుకో. ఈసారి సంతకం అడిగితే ‘వీఆర్, అరగంట’ అని పక్కన రాసి మరీ పెట్టు.