సూర్యుడి తుపాన్లు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. సౌర జ్వాలలు, భూఅయస్కాంత తుపాన్లను ముందే పసిగట్టే పరిశోధన చేస్తానంటోంది. రోజూ ఆ తుపాన్ల తీవ్రత చెప్పే కేపీ సూచీ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. బంధువులంతా సీఎస్ఈ-ఏఐలో చేర్చమంటున్నారు. పీహెచ్‌డీ అంటే ఎప్పటికి సెటిలవుతుంది? ఏది మేలో చెప్పండి.

జవాబు: ఇలాంటి ప్రశ్న నాకు తరచూ వస్తుంది. సబ్జెక్ట్ మారినా లోపలి భయం ఒకటే: ముప్పై ఏళ్లు వచ్చినా సంపాదన లేక, పెళ్లి కాక బిడ్డ ఇంట్లోనే ఉండిపోతుందేమోనని. అంత టెన్షన్ అక్కర్లేదు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చినవాళ్లకు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ చేస్తూనే తన ఖర్చు తాను చూసుకుంటుంది.

అయితే ఒక నిజం. కేవలం ఈ అంచనాలు వేసే ఉద్యోగాలు మన దేశంలో తక్కువ. పని కూడా కష్టమైనదే. జ్వాల ఎగిసిన ఎనిమిది నిమిషాలకే ఎక్స్-కిరణాలు భూమిని తాకుతాయి. మనకు కనబడేసరికే వచ్చేసి ఉంటాయి. సూర్యుడి నుంచి ప్లాస్మా మేఘం, అంటే విద్యుదావేశమున్న వేడి వాయువు, బయల్దేరితే మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అది వచ్చినా, దానిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే పెద్ద తుపాను. మబ్బు పట్టినంత మాత్రాన వాన పడుతుందని మన వేరుశనగ రైతు నమ్మడు కదా, ఇదీ అంతే. ఆ దిశ కచ్చితంగా తెలిసేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్1 అనే బిందువు దగ్గరున్న ఉపగ్రహాలను మేఘం తాకినప్పుడే. మన ఆదిత్య-ఎల్1 2024 జనవరి నుంచి అక్కడే ఉంది. అప్పటికి చేతిలో మిగిలేది సుమారు గంట, తుపాను పెద్దదైతే ఇంకా తక్కువ. 1989 మార్చిలో ఇలాంటి తుపానుకే కెనడాలోని క్యూబెక్‌లో తొమ్మిది గంటలు కరెంటు పోయింది.

ఇక ఏఐ బీటెక్. దాని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. బ్రాంచి పేరు చివర ఏఐ తగిలిస్తే చదువు మారిపోదు. లెక్కలు, ప్రాబబిలిటీ గట్టిగా రాని పిల్లలు నాలుగేళ్లూ టూల్స్ వాడటం నేర్చుకుని బయటికొస్తున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ టూల్సే మారిపోతున్నాయి. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న రంగమే చూడండి. ఎక్స్ తరగతి జ్వాలలు, అంటే అన్నిటికన్నా తీవ్రమైనవి, అరుదు. ‘ఈరోజు రాదు’ అని రోజూ చెప్పే ప్రోగ్రాం కూడా చాలా రోజులు కరెక్టే అవుతుంది, కానీ ఎవరికీ పనికిరాదు. అది ఎందుకు పనికిరాదో చెప్పగలిగిన పిల్లకు ఏఐ వచ్చినట్టే. ఆ చూపు ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ నుంచి వస్తుంది. దాంతో ఉపగ్రహాలు, వాతావరణం, విద్యుత్ గ్రిడ్, చివరికి బ్యాంకుల్లోనూ పని దొరుకుతుంది.

మీ మీద నాకు కోపంగానే ఉంది. బంధువుల మాట నాకు రాశారు. ఆ నోట్‌బుక్‌లో ఏముందో అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా? ఫీజు కట్టేది, నాలుగేళ్లు చదివేది వాళ్లు కాదు. బలవంతంగా చేర్పిస్తే బ్యాక్‌లాగ్‌లు పడ్డాక మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

పోలిక అడిగారు కాబట్టి చెప్తాను. త్వరగా జీతం కావాలంటే సీఎస్ఈ. ఇష్టం నిలబడేదైతే సైన్స్ చదువు, పరిశోధన కలిసి ఉండే కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్. దూరమేం కాదు. వాతావరణ పరిశోధన చేసే గాదంకి ఎన్ఏఆర్ఎల్ కూడా అక్కడికి దగ్గరే. ఆపైన బెంగళూరులోని ఖగోళ భౌతిక పరిశోధన సంస్థ ఐఐఏ, నవీ ముంబైలోని భూఅయస్కాంత సంస్థ ఉన్నాయి. ఐసర్ సీటు రాకపోతే మంచి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్, మ్యాథ్స్, పక్కన పైథాన్. సీఎస్ఈ తానే కోరుకుంటే అదీ తప్పు కాదు, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు మాత్రం దారి కాస్త చుట్టు అవుతుంది.