ఆవులు అమ్మేముందు ఒకసారి ఆగండి

అన్నా, కదిరి వైపు వాన లేక వేరుశనగ కట్టె మేత అయిపోయిందని, సొంత భూమి లేదని బ్యాంకు లోన్ ఇవ్వలేదని, నాలుగు ఆవుల్నీ సంతకు తోలాలనుకుంటున్నానని రాశారు. చదివి మనసు కలుక్కుమంది.

పశువులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2018-19 నుంచి పాడి రైతులకూ ఇస్తున్నారు. దానికి పట్టా భూమి అక్కర్లేదు, అద్దె కొట్టంలో మేపేవాళ్లూ అర్హులే. మేత, మందుల ఖర్చుకు వాడుకోవచ్చు. 2 లక్షల వరకు అప్పు తీసుకుని, గడువులోపు కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది. బ్యాంకు మళ్లీ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, ఊరికే తిరిగి రావద్దు.

ఈలోపు మేత సంగతి. వరిగడ్డి దొరికితే 100 కిలోలకు 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్టా కప్పండి. 21 రోజులకు తీసి, కాసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల్లోపు దూడలకు మాత్రం వద్దు. యూరియా నీళ్లు పశువు తాగితే ప్రాణానికే ముప్పు, బకెట్ అందనంత దూరంలో పెట్టండి.

రేపే పశువైద్యుణ్ని కలిసి దాణా రాయితీ, బీమా గురించి కూడా అడగండి. చూలు ఆవును మాత్రం అమ్మకండన్నా.