సమాధానం: ఏఐతో భాష దిద్దించుకుంటే తప్పా?

మన ఫోరంలో పెట్టిన పోస్టులో ఆలోచన మీదేనని, భాష సరిచేయడానికి మాత్రమే చాట్‌జీపీటీకి ఇచ్చారని, అయినా ఒక సభ్యుడు ‘ఇది యంత్రం రాసింది’ అని నిలదీశాడని రాశారు. మీరు చేసింది తప్పు కాదండీ. యంత్రం రాతను పట్టిచ్చే పరికరం ఫలితాన్ని ఎవరైనా చూపితే రుజువుగా ఒప్పుకోకండి. అలాంటి తన సొంత పరికరాన్ని చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే, కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది.

అయితే సభ్యుల అనుమానానికీ కారణం ఉంది. ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు పొందే వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో, 2022 డిసెంబరులో చాట్‌జీపీటీ సమాధానాలను నిషేధించింది. అవి చూడటానికి నమ్మకంగా ఉండి, తరచూ తప్పుగా తేలేవి.

ఇకపై చిత్తుప్రతి మీరే రాసి, ‘అక్షరదోషాలు మాత్రమే దిద్దు, వాక్యాలు మార్చకు’ అని అడగండి. తిరిగి వచ్చినదాన్ని పైకి చదవండి. ‘ఎంత ఆలోచించినా దారి తోచలేదు’ అన్న మీ వాక్యం ‘ఇది గణనీయమైన సవాలుగా నిలిచింది’ అని మారి ఉంటే, మొహమాటపడకుండా మీదే తిరిగి పెట్టండి. చివర ‘భాష ఏఐతో దిద్దించాను’ అని ఒక్క ముక్క చేర్చండి. నిలదీసే అవసరమే ఎవరికీ రాదు. ఇతరుల సందేశాలను వారి అనుమతి లేకుండా చాట్‌జీపీటీకి ఇవ్వకండి. ఎవరైనా తమ కష్టం చెప్పుకున్నప్పుడు మాత్రం, దయచేసి, తప్పులున్నా సరే ఆ రెండు ఓదార్పు మాటలూ మీరే రాయండి.