లేహ్ వెళ్లే జిమ్నీకి పెట్రోలు లెక్క

చిరంజీవి సాయికి,

దీవెనలు. సెప్టెంబరులో నీ మారుతి జిమ్నీ జీపు వేసుకుని మనాలి మీదుగా లేహ్ దాకా పోతున్నానని, దారిలో పెట్రోలు ఎలా సరిపెట్టుకోవాలో చెప్పమని అడిగావు. మైలేజీ పెంచే మందు ఏదైనా ఉందా అని కూడా అడిగావు. ట్యాంకులో పోసే సీసాలు, పెట్రోలు పైపుకి తగిలించే అయస్కాంతాలు కొనకు. ఆ డబ్బుతో మంచి ప్రెషర్ గేజీ ఒకటి, 12 వోల్టుల గాలి పంపు ఒకటి కొనుక్కో, పనికొస్తాయి.

జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు. కంపెనీ చెప్పే మైలేజీ, లీటరుకి 16.94 కిలోమీటర్లతో గుణిస్తే 677 కిలోమీటర్లు వస్తాయి. ఆ అంకెను ఇక్కడితో మర్చిపో. నీ బండికి, నీ కాలికి, నీ సామానుకు వచ్చే మైలేజీ ఎంతో నువ్వే కొలుచుకోవాలి. అదీ ఒక్క అంకె కాదు, మూడు కావాలి: హైవే మీద ఎంత, ఘాట్ రోడ్డులో ఎంత, కచ్చా దారిలో ఎంత.

కొలిచే పద్ధతి ఇది. ట్యాంకు ఫుల్ చేయించేటప్పుడు గన్ను మొదటిసారి టక్కుమని ఆగగానే చాలించు. బంకు కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు నొక్కులు నొక్కబోతాడు, వద్దను. పైదాకా నింపితే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పచ్చి పెట్రోలు పోతుంది. తర్వాత స్టార్టింగ్‌లో ఇంజన్ తడబడుతుంది, కొలతా తప్పుతుంది. ట్రిప్ మీటరు సున్నా చేసి నడిపి, మళ్లీ అదే బంకులో అదే గన్నుతో మొదటి టక్కు దాకా నింపించు. కిలోమీటర్లను లీటర్లతో భాగించు. హైవేకి హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు ఒక చుట్టు చాలు, 158 కిలోమీటర్లు. ఘాట్‌కి అచ్చంపేట వైపు బంకులో నింపి, నల్లమలలోంచి శ్రీశైలం పోయి వెనక్కి రా. అడవిలో గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, ఆ ప్రకారం బయలుదేరు. కచ్చాకి పొలాల బాటలో రెండో గేరు, మూడో గేరుతో ఓ యాభై కిలోమీటర్లు తిరుగు. మూడుసార్లూ లేహ్‌కి తీసుకెళ్లే బరువే బండిలో ఉండాలి.

టైర్లు మార్చావా? కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, దాని ఎత్తు 693 మిల్లీమీటర్లు. చాలామంది 235/75 ఆర్15 వేయిస్తారు, అది 733 దాకా ఉంటుంది. అప్పుడు మీటరు 100 చూపిస్తే బండి నిజంగా నడిచేది దాదాపు 106. ఇది తెలియక "టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది" అని ఉన్నదానికంటే ఎక్కువ దిగులు పడతారు. పడిపోయేది నిజమే, ఆ టైరు బరువూ పట్టూ ఎక్కువ. కానీ అందులో ఆరు శాతం మీటరు అబద్ధం. బోర్డు మీది దూరాలతో పోల్చుకునేటప్పుడు ఈ సవరణ వేసుకోవాలి.

ఇప్పుడు అసలు దారి. కేలాంగ్‌కి ముందు తాండీలో బంకు ఉంది, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడ పెట్టిన బోర్డు పేరుపడ్డది. లేహ్‌కి ముప్పై అయిదు కిలోమీటర్ల ముందు కారూ అనే ఊళ్లోనూ పోయిస్తారు, కానీ అక్కడ స్టాకు లేకపోతే లేహ్ దాకా పోవాల్సిందే. అందుకని 365కే లెక్క వెయ్యి. నీకు ఘాట్‌లో 11, కచ్చాలో 8 వచ్చాయనుకుందాం. 300 కిలోమీటర్లు ఘాట్ లెక్కన 27.3 లీటర్లు, 65 కిలోమీటర్లు కచ్చా లెక్కన 8.1. మొత్తం 35.4. ట్యాంకులో అడుగు 5 లీటర్లను లేనట్టే చూడు. ఏటవాలులో పెట్రోలు ఒక పక్కకి ఒరిగిపోయి పంపు గాలి పీలుస్తుంది. పైగా ఆ పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. అంటే నీ చేతిలో ఉన్నది 35, కావలసింది 35.4. దారి సాఫీగా సాగితేనే ఇది. దారి మధ్యలో పాంగ్ అనే మజిలీ దాకా పోయాక ముందు కొండచరియ పడిందంటే మళ్లీ తాండీకి రావాలి, రానూపోనూ 380 పైనే. అందుకే 10 లీటర్ల డబ్బా ఒకటి తీసుకో. 20 అక్కర్లేదు.

ఎక్కుడు ఎంత తాగుతుందో కూడా తెలుసుకో. ఇద్దరు మనుషులతో, సామానుతో బండి బరువు 1,400 కిలోలనుకుంటే, వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కడానికి సుమారు లీటరున్నర నుంచి ఒకటీ ముప్పావు లీటర్ల దాకా ఖర్చవుతుంది. చదును మీద అదే దూరానికి అయ్యేది కాక, అదనంగా. లా అంటే కనుమ, పాస్ అనేదీ దాన్నే. తాండీ నుంచి బారాలాచా లా (4,890 మీటర్లు), తర్వాత నకీ లా, లాచుంగ్ లా, చివర తంగ్లాంగ్ లా (5,328). ఎక్కుళ్లన్నీ కలిపితే నాలుగు వేల మీటర్లకు అటూ ఇటూ. ఆరేడు లీటర్లు అక్కడే పోతాయి.

దిగేటప్పుడు దీన్ని కొంత రాబట్టుకోవచ్చు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పొదుపు అనుకుని బండిని న్యూట్రల్‌లో జారవిడుస్తారు. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, గంటకి ముప్పావు లీటరు లెక్కన. గేరులో ఉంచి ఎక్సలేటరు మీంచి కాలు పూర్తిగా తీసేస్తే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఖర్చు సున్నా. ఆర్పీఎం బాగా పడిపోయినప్పుడు మాత్రమే మళ్లీ తెరుచుకుంటాయి. కాబట్టి తంగ్లాంగ్ లా దిగేటప్పుడు రెండులోనో మూడులోనో ఉంచి 2,000 - 3,000 మధ్య తిరగనివ్వు. ఆ చప్పుడు విని భయపడకు. బ్రేకులు చల్లగా ఉంటాయి, అది పెట్రోలు కంటే పెద్ద లాభం.

ఆ దిగుడు అయ్యేసరికి మీటరులో "ఇంకా ఇంత దూరం పోవచ్చు" అనే అంకె అమాంతం పెరిగి ఉంటుంది. ఈమధ్య వచ్చిన సగటుని బట్టి వేసే లెక్క అది, ముందు ఎక్కుడుందో దిగుడుందో దానికి తెలియదు. దాన్ని నమ్మి బంకు దాటిపోకు. పెట్రోలు గేజీ కూడా వాలులో ఆపితే ఒకటి, చదునులో ఆపితే ఒకటి చూపిస్తుంది. చదునులో ఆపి, రెండు నిమిషాలాగి చూడు.

ఎక్కేటప్పుడు సంగతి వేరు. నీది టర్బో లేని ఇంజన్. తంగ్లాంగ్ లా మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దాంట్లో సగమే, బలమూ దాదాపు సగానికి పడిపోతుంది. "గాలి తక్కువ కాబట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది" అంటారు, అది సరి కాదు. గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలూ తగ్గిస్తుంది. ఖర్చయ్యేది కింది గేర్లలో ఎక్కువసేపు నడపడం వల్ల, హాఫ్ క్లచ్ వల్ల. దారిలో గాటా లూప్స్ అనే ఎక్కుడులో 21 మలుపులున్నాయి. మలుపులోకి దూరక ముందే రెండుకి దింపు, 2,500 నుంచి 3,500 మధ్య నిలుపు. మూడులో గునుస్తూ పోయి, మలుపు మధ్యలో ఆగి, హాఫ్ క్లచ్‌తో లేస్తే అటు పెట్రోలూ పోతుంది, ఇటు క్లచ్ ప్లేటూ కాలుతుంది. ప్రీమియం పెట్రోలుకి డబ్బు తగలేయకు, ఆ ఎత్తులో నాకింగ్ (ఇంజన్‌లో టకటకమనే కొట్టుడు) తగ్గుతుందే కానీ పెరగదు.

ఫోర్ వీల్ మాట. తారు మీద 2హెచ్‌లోనే, అంటే రెండు చక్రాలే లాగే గేరులోనే ఉండు. మలుపులో ముందు వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ దీనికి మధ్యలో లేదు కాబట్టి తారు మీద 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగేది) వేసి తిప్పితే ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగదీసుకుంటాయి, టైర్లు ఈడుస్తాయి. వదులు మట్టి, మంచు, నీళ్ల నాలా వచ్చినప్పుడే 4హెచ్. నిలువు ఎక్కుడులో గులకరాళ్లుంటే బండి ఆపి, న్యూట్రల్ చేసి 4ఎల్ (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) వెయ్యి. ఇంజన్ రెట్టింపు తిరుగుతుంది, నిజమే. అయినా ఆ యాభై గజాలు 4హెచ్ ఒకటో గేరులో క్లచ్ కాల్చుకుంటూ ఎక్కడం కంటే అదే చవక.

టైర్ల గాలి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డ్రైవరు తలుపు తీస్తే స్టిక్కరు మీద అంకె ఉంటుంది, పొద్దున్నే బండి కదలక ముందు ఆ అంకెకి చూడు. ఉదాహరణకి 26 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) అనుకో. హైదరాబాద్‌లో 35 డిగ్రీల ఎండలో 26 పెట్టించావు. లేహ్‌లో బయటి పీడనం తగ్గడం వల్ల గేజీలో 4 పెరుగుతుంది, తెల్లవారుజామున 5 డిగ్రీల చలి వల్ల 4 తగ్గుతుంది. చివరికి మళ్లీ 26 చుట్టూనే చూపిస్తుంది. అదే మధ్యాహ్నం ఎండలో పాస్ మీద చూస్తే 31 ఉంటుంది. కంగారుపడి అక్కడ గాలి తీసేశావంటే మర్నాడు పొద్దున టైర్లు 21లో ఉంటాయి. పాస్ మీద వాల్వు జోలికి పోకు.

తారు మీద గాలి ఒక పీఎస్ఐ తగ్గితే పోయే మైలేజీ 0.2 శాతమే. గాలి తక్కువైతే అసలు భయం టైరు వేడెక్కడం. ఇసుకలో, గులకరాళ్ల మీద లెక్క తిరగబడుతుంది. అక్కడ గాలి తగ్గిస్తేనే పెట్రోలు మిగులుతుంది. గట్టి టైరు ఇసుకలో గాడి తవ్వుకుంటూ పోతుంది, ప్రతి అడుగూ దానికి ఎక్కుడే. 16-18కి దించితే అడుగు వెడల్పై పైన తేలుతుంది. గులకరాళ్లకి 20-22 చాలు. తారు ఎక్కగానే పంపు తీసి మళ్లీ నింపు, తర్వాత చూద్దాంలే అనుకోకు. పాంగ్ దాటాక వచ్చే మోరే మైదానంలో ఉన్న బాట వదిలి పక్కకి తొక్కకు. మెత్తని నేలలో పెట్రోలు దండగ, ఆ గడ్డి మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది.

సామాను మాటకొస్తే, బియ్యం బస్తా కంటే నెత్తి మీద పెట్టె పెద్ద దొంగ. తాండీ నుంచి లేహ్ దాకా 50 కిలోలు ఎక్కువ మోస్తే పోయేది అరలీటరు, ముప్పావు లీటరు. అదే టాప్ మీద పెద్ద పెట్టె కడితే హైవేలో పది శాతం సులువుగా పోతుంది. మనాలి దాకా రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. 15 లెక్కన 140 లీటర్లు, అందులో పది శాతమంటే 14 లీటర్లు. జిమ్నీ అసలే అగ్గిపెట్టెలా ఉంటుంది, దాని మీద ఇంకో పెట్టె ఎందుకు? వెనక సీట్లు మడిచి సామాను లోపలే సర్దు. స్పీడు కూడా అంతే: 80 మీద కంటే 100 మీద గాలి అడ్డు సగానికి పైగా పెరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్. దాని శక్తి పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే. కాబట్టి పాత లెక్కలతో పోల్చి బండిని అనుమానించకు.

ఒక పరీక్ష మాత్రం తప్పకుండా చెయ్యి. ఇరవై కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపు. నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడు, తాకించకు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సెగ కొడితే ఆ చక్రం బ్రేకు పట్టేసి ఉంది. జాకీ ఎత్తి, న్యూట్రల్ చేసి, చేత్తో తిప్పితే గరగరమని వెంటనే ఆగుతుంది. ముందు చక్రాల్లో బురదతో క్యాలిపర్ (డిస్క్‌ని పట్టే బ్రేకు భాగం) పిన్నులు బిగుసుకుంటే ఇలా అవుతుంది. తీసి తుడిచి బ్రేకులకి వాడే గ్రీజు పెట్టిస్తే సరి. ఏ పొదుపు చిట్కా కంటే ఇది ముఖ్యం.

ఇక డబ్బా. పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. లోహపు డబ్బా 25 లీటర్లు మించకూడదు. నీళ్ల క్యానులు, ప్లాస్టిక్ సీసాలు వద్దు. డబ్బా ఇనుపదే కొను. 10 లీటర్ల దాంట్లో తొమ్మిదిన్నరే పొయ్యి, ఎండకి వ్యాకోచించడానికి జాగా కావాలి. పోయించేటప్పుడు బండిలోంచి దింపి నేల మీద పెట్టించు, గన్ను మూతిని డబ్బాకి ఆనించే ఉంచాలి, స్థిర విద్యుత్తు నిప్పురవ్వ అక్కడే పుడుతుంది. కూర్చునే చోట, లోపల, ఎక్కడా పెట్టకు. పైన చిన్న క్యారియరు మీద నిలువుగా పట్టీతో బిగించు. తాండీలోనే నింపించు, మనాలి నుంచి మోసుకురావద్దు. పైకి పోయేకొద్దీ డబ్బా ఉబ్బుతుంది, మూత మెల్లగా తిప్పి ఆవిరి పోనిచ్చి తియ్యి. ట్యాంకు మూతిలో రేకు తలుపు ఉంటుంది, డబ్బా గొట్టం దాన్ని తోసుకుని లోపలికి పోయేంత పొడవు ఉండాలి. ఇంట్లోనే ఒకసారి పోసి చూసుకో. చాలనప్పుడు నోటితో పైపు పీల్చే పని చేయకు, ఊపితే తనంతట తానే లాగే సైఫన్ పైపులు దొరుకుతాయి.

మనాలి దాటాక ట్యాంకు సగం కాగానే, బంకు కనిపిస్తే నింపు. లేహ్ నుంచి నుబ్రా లోయ వైపు పోతే డిస్కిట్‌లో బంకు ఉంది, పాంగాంగ్ సరస్సుకి తిరిగే ముందు అక్కడ ఫుల్ చేయించు. చేతిలో నగదు ఉంచుకో. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, ఫోన్‌లో డబ్బు కట్టే ఆశ పెట్టుకోకు. రాత్రి చలికి ఇంజన్ ఆన్ చేసి హీటరు వేసుకుని బండిలో పడుకోకు. పెట్రోలు పోతే పోయింది, లోపల చేరే పొగ ప్రాణం తీస్తుంది. అక్కడ మాత్రం పొదుపు లెక్క కాదు, దుప్పటి కప్పుకో.

వచ్చే రెండు ఆదివారాల్లో ఆ మూడు కొలతలూ తీసి, టైరు సైజుతో సహా నాకు వాట్సాప్ చెయ్యి. డబ్బా 10 లీటర్లది చాలునో లేదో అప్పుడు తేలుద్దాం. పిన్నికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న