బాంకో రికార్డులు కొనబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

మీ నాన్న ఫోనులో సంగతి చెప్పాడు. మిలానోలో చదువుకుంటూ, చిన్న ఉద్యోగం చేసి కూడబెట్టిన డబ్బుతో, ఇటలీ రాక్ బృందం బాంకో దెల్ ముతువో సొకోర్సో రికార్డులన్నీ తొలి ముద్రణల్లోనే కొంటానన్నావట. ఆపైన ఆ బృందం చరిత్ర తెలుగులో రాస్తానన్నావట. “నీ పిచ్చి దానికీ అంటించావు అన్నయ్యా” అని నిష్ఠూరమాడాడు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, దిగులూ అంతే. నాలుగు ముక్కలు ఫోనులో చెప్పి ఊరుకోలేక ఇంత ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదువు.

అన్నిటికంటే ముందు ఒక మాట. రికార్డుల సంతలకు వెళ్తే రాత్రిపూట ఎవరి కారులోనూ తిరుగు ప్రయాణం పెట్టుకోకు. ఈ ఒక్క విషయంలో నా మాట తీసెయ్యకు. బాంకో గాయకుడు ఫ్రాంచెస్కో దీ జాకొమో పోయింది రోడ్డు మీదే. 2014 ఫిబ్రవరి 21న, రోముకు దగ్గర్లోని జగరోలోలో, కారు ప్రమాదంలో. అప్పటికి ఆయనకు 66 ఏళ్లు. భారీ మనిషి, గుబురు గడ్డం, గుండెల నిండా ఊపిరి తీసుకుని పాట ఎత్తుకుంటే మైకు అవసరమే లేదనిపించే గొంతు. మరుసటి ఏడాదే గిటారు, ట్రంపెట్ వాయించే రొదోల్ఫో మల్తేసె కూడా వెళ్లిపోయాడు. ఆ ఫిబ్రవరి నుంచి ఇటలీ రోడ్లంటే నాకు భయం పట్టుకుంది. నీకిది అతిగా అనిపించవచ్చు, అనిపించనీ. మిలానోలో పెద్ద రికార్డుల సంత జరిగే నోవేగ్రో, లినాటె విమానాశ్రయం పక్కనే ఉంది. మెట్రో ఇప్పుడు లినాటె దాకా వెళ్తుంది. పగటిపూట వెళ్లు, చీకటి పడకముందే గదికి చేరు.

ఇంటి అద్దె, తిండి, ఫీజు తీసి పక్కన పెట్టాకే రికార్డుకు చెయ్యి చాచు. కంటితో చూడకుండా, చెవితో వినకుండా ఖరీదైనది కొనకు. అరిగిన సూదితో మంచి రికార్డు తిప్పకు. రసీదు అడుగు. ఈ మాటలు ఎవరైనా చెబుతారు, నేను ఇంతటితో వదిలేస్తున్నాను.

ఇక బాంకో మొదటి రికార్డు. 1972లో రికోర్ది సంస్థ తెచ్చింది, కేటలాగు సంఖ్య ఎస్‌ఎంఆర్‌ఎల్ 6094. బృందం పేరుకు అర్థం పరస్పర సహాయ బ్యాంకు కాబట్టి, అట్టను డబ్బులు దాచుకునే మట్టి హుండీ ఆకారంలోనే కత్తిరించారు, మన కుమ్మరులు చేసే హుండీ లాంటిదే. నాణెం వేసే చీలికలోంచి ఒక కాగితం పట్టీ బయటికి వస్తుంది. లాగితే బృందంలోని వాళ్ల ఫొటోలు కనిపిస్తాయి. నువ్వు ముందుగా చూడాల్సింది ఆ పట్టీనే. యాభై ఏళ్లలో ఎన్ని చేతులు దాన్ని లాగి ఉంటాయో! చాలా ప్రతుల్లో అది చిరిగిపోయింది, కొన్నిటిలో అసలు లేదు. పట్టీతో సహా శుభ్రంగా ఉన్న ప్రతికి వందల యూరోలు అడుగుతారు. పట్టీ లేనిదానికి ఆ ధర పెట్టకు. ఉంటే దాని కాగితం అట్టతో పాటే పాతబడిందో లేదో చూడు. అట్ట పసుపుబారి, పట్టీ ఒక్కటే తెల్లగా మెరుస్తుంటే అనుమానించు. తర్వాతి ముద్రణల్లో కొన్ని మామూలు చదరపు అట్టతో వచ్చాయి. అవి వినడానికి బాగానే ఉంటాయి, కానీ నువ్వు వెతికేది అవి కావు.

అట్ట చూసి మురిసిపోయి ప్లేటు సంగతి మర్చిపోకు. పాట అయిపోయాక లేబుల్‌కు ముందు కొంచెం ఖాళీ జాగా ఉంటుంది కదా. ప్లేటును దీపం కింద పక్కకు వంచి పట్టుకుంటే ఆ ఖాళీలో కొట్టిన సంఖ్యలు కనిపిస్తాయి. ఇటలీ ముద్రణల్లో తరచు తేదీ కూడా ఉంటుంది, రోజు, నెల, సంవత్సరం వరుసలో. రెండు వైపులా తేదీలు వేరుగా ఉన్నా కంగారుపడకు. కానీ 1972 నాటి రికార్డు అని అమ్ముతున్నదాని మీద 1976 తేదీ కనిపిస్తే మారు మాట్లాడకుండా కింద పెట్టేయ్. లేబుల్ మీద ఇటలీ రచయితల హక్కుల సంఘం ఎస్‌ఐఏఈ ముద్ర కూడా చూడు. దాని ఆకారం కాలాన్ని బట్టి మారింది, తెలిసినవాళ్లు దాన్ని బట్టే ఏ కాలం ముద్రణో చెబుతారు. ఒక చిన్న భూతద్దం ఎప్పుడూ సంచిలో ఉంచుకో.

ఇప్పుడు ఒక సంగతి వివరంగా చెప్పాలి. నేను రోములో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థలో పనిచేసిన రోజుల్లో అక్కడ కాకినాడ వైపు మిత్రుడు ఒకాయన ఉండేవాడు. నాకు బాంకోను పరిచయం చేసింది ఆయనే. 1980ల మధ్య అది. అప్పటికి కుర్రకారు ఆ సంగీతాన్ని పాతదని వదిలేసింది. ఆదివారం పొద్దున్నే పోర్తా పోర్తేసె సంతకు వెళ్తే ఈ రికార్డులు అరటిపళ్ల పెట్టెల్లో నిలబెట్టి ఉండేవి. ఆయన ఓపికగా ఒక్కొక్కటే ఏరుకున్నాడు. హుండీ అట్ట దొరికిన రోజు పట్టీ కూడా పూర్తిగా ఉందని తెలిసి, ట్రాములో దాన్ని ఒళ్లో పెట్టుకుని, బయటికి తీయడానికే భయపడుతూ ఇంటికి తెచ్చాడు. అంత ప్రేమ.

ఆ ప్రేమతోనే పాడుచేశాడు. పట్టీ ఎక్కడ జారిపోతుందోనని దాని చివర అట్ట లోపలికి సెల్లోటేపుతో అంటించాడు. పాత కాగితపు సంచులు చిరిగాయని పారేసి, ప్లేట్లను మెత్తగా, మందంగా, గాజులా మెరిసే ప్లాస్టిక్ కవర్లలో పెట్టాడు. ఉద్యోగ విరమణ చేసి ఊరికి వచ్చాక ఇల్లు కట్టుకునేదాకా అని అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి, చుట్టూ దుప్పటి చుట్టి, అటకెక్కించాడు. పైన శ్లాబు. వేసవిలో ఆ అటక మీద ఎంత వేడి ఉంటుందో కోస్తా జిల్లాల్లో పెరిగినదానివి, నీకు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో చెమ్మ సరేసరి.

కొన్నేళ్ల తర్వాత అవి కిందికి దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. అడుగున ఉన్న అట్టల అంచులు ఒంగిపోయాయి, ప్లేట్లు వంపు తిరిగాయి. మొదటి కవరు తీయబోతే ప్లాస్టిక్ ప్లేటును వదల్లేదు, అంటుకుపోయింది. మెల్లగా ఒలిచాక నల్లటి ప్లేటు మీద పాలు చిందినట్లు తెల్లటి మరకలు. ప్లాస్టిక్ ఎక్కడ మడత పడితే అక్కడ ఆ మడత గీతే అచ్చుపడింది. ఆ కవర్ల మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచేందుకు కలిపే పదార్థం కాలం గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ బయటికి ఊరుతుంది. రికార్డు కూడా పీవీసీయే కాబట్టి దానిలోకి ఎక్కిపోతుంది. పైన పడ్డ దుమ్మయితే కడిగితే పోతుంది, ఇది పోదు. డిస్టిల్డ్ వాటర్‌తో ఎన్నిసార్లు కడిగినా మరక అలాగే ఉండిపోయింది. టర్న్‌టేబుల్ మీద పెట్టి విన్నాం. ఆ రికార్డులో 18 నిమిషాల పెద్ద పాట ఒకటి ఉంది. అందులో వాద్యాలన్నీ ఆగి పియానో ఒక్కటే నెమ్మదిగా పలికే చోట, పియానో వినిపించలేదు. కింద సరసర శబ్దం తప్ప ఇంకేమీ లేదు. ఆయన సూది ఎత్తేశాడు. తర్వాత పట్టీ తీయబోయాడు. టేపు జిగురు ముదురు గోధుమ రంగుకు మారి కాగితంలోకి ఇంకిపోయింది. గోటితో లేపితే ఒక ఫొటోలోని ముఖం సగం టేపుతో పాటు ఊడి వచ్చింది. ఆయన మాట్లాడలేదు. నాకూ ఏమనాలో తోచలేదు. ఆ రోజు తర్వాత మా మధ్య బాంకో మాట ఎప్పుడూ రాలేదు.

నువ్వు ఆ మెత్తటి మందపు కవర్లే ఒక కట్ట తెప్పించావని మీ అమ్మ చెప్పింది. వెంటనే వెనక్కి పంపెయ్. చదువుకున్నదానివి, ఒక్క మాట అడిగి ఉంటే నీ సొమ్మేం పోయేది! పలచని పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు కొను, మెరుపు తక్కువైనా సరే. ప్లేటుకు లోపల మంచి కాగితపు సంచి ఉండాలి, పాత సంచి మీద అచ్చు ఉంటే పారేయకుండా విడిగా దాచు. రికార్డులు నిలబెట్టే ఉంచు. హుండీ అట్టకు వెనుక అదే ఎత్తు, వెడల్పు ఉన్న చదరపు అట్టముక్క ఒకటి పెట్టి కవరులో దించు, అప్పుడు వంపుల దగ్గర నలగదు. టేపు, జిగురు, స్టేపుల్ పిన్ను ఏవీ దగ్గరికి రానీయకు. సెలవులకు వచ్చేటప్పుడు రికార్డులు తెస్తే చేతి సంచిలో తెచ్చుకో, మే నెలలో మాత్రం వద్దు. ఇక్కడ నా బీరువాలో అడుగు అర నీకోసం ఖాళీ చేస్తాను. తేమ పీల్చే పొట్లాలు వేసే ఉన్నాయి.

ఏది ముందు కొనాలి అంటావా? నన్నడిగితే హుండీ కంటే ముందు ‘దార్విన్!’ కొను. అదీ 1972లోనే వచ్చింది, ఎస్‌ఎంఆర్‌ఎల్ 6107. ఒకే ఏడాదిలో అలాంటివి రెండు చేశారంటే ఆ కుర్రాళ్లలో ఎంత నిప్పు ఉండేదో ఆలోచించు. జీవ పరిణామం మీద ఒక రికార్డంతా రాశారు. మొదటి పాటే దాదాపు 14 నిమిషాలు. బృందంలోని విత్తోరియో నొచెంజి, జాన్ని నొచెంజి అన్నదమ్ములు, రోము పక్కనున్న మరీనో వాళ్లు, ఒకరు ఆర్గను, ఒకరు పియానో. ఇద్దరి చేతులూ ఒకదానికొకటి అడ్డం పడకుండా ఎలా నడుస్తాయో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను. ఆ తర్వాత 1973 నాటి ‘ఇయో సోనో నాతో లీబెరో’. రాజకీయ ఖైదీ కోసం పాడిన పెద్ద పాట అందులోనే ఉంది. దీ జాకొమో గొంతులోని కోపం, జాలి రెండూ తెలియాలంటే అది వినాలి. తర్వాత 1976 నాటి ‘కోమె ఇన్ ఉనుల్తిమా చేనా’. 1975లో మాంటికోర్ లేబుల్ మీద వచ్చిన ఇంగ్లిష్ పాటల రికార్డు చివర్లో కొను. ఎమర్సన్, లేక్, పామర్ అనే ఇంగ్లండ్ బృందం సొంత లేబుల్ అది, వీళ్లను బయటి దేశాలకు తీసుకెళ్లింది. ఆ మేలు మర్చిపోకూడదు. కానీ పరభాషలో ఆ గొంతు బిగుసుకుపోయినట్లు నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1980లలో వాళ్లు రేడియోకు సరిపడే చిన్న పాటలు చేశారు. సేకర్తలు వాటిని చిన్నచూపు చూస్తారు. నువ్వు చూడకు. చరిత్ర రాస్తానన్నావు, అందులో ఆ పదేళ్లూ ఉండాలి. 1991లో మొదటి రెండు రికార్డులనూ కొత్తగా మళ్లీ పాడి విడుదల చేశారు. పాట పేర్లు అవే ఉంటాయి కాబట్టి దాన్ని పాతవాటి పునర్ముద్రణ అనుకుని పొరపడకు.

చరిత్ర రాయడం గురించి రెండే మాటలు. ముందు ఇటాలియన్ బాగా నేర్చుకో, కాలేజీలో గట్టెక్కేంత చాలదు. మొదటి రికార్డు మొదటి నిమిషంలోనే అస్తోల్ఫో రెక్కల గుర్రం మీద ఎగురుతున్న సంభాషణ వస్తుంది, అది పాతకాలపు ఇటలీ కవి అరియోస్తో కావ్యం నుంచి వచ్చిన పాత్ర. 2022లో విత్తోరియో నొచెంజి మళ్లీ అదే కావ్యంలోని ఓర్లాందో మీద కొత్త ఆల్బమ్ చేశాడు. ఈ రెంటికీ మధ్య ఉన్న యాభై ఏళ్లే నీ పుస్తకం అనుకుంటాను. రెండోది, ఆ కాలపు ఇటలీని వదలకు. వ్యాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ లాంటి ఇంగ్లండ్ బృందం సొంత దేశంలో కంటే ఇటలీలో ఎక్కువ ఆదరణ పొంది, 1972లో అక్కడి ఆల్బమ్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అలాంటి శ్రోతలు ఉన్నారు కాబట్టే బాంకో నిలబడింది. కొన్నేళ్లకే ఆ శ్రోతల్లో కొందరు సంగీతానికి టికెట్టు ఏమిటని గేట్లు తోసుకుని వచ్చారు, బయటి బృందాలు రావడానికి వెనకాడాయి. ఎవరి తప్పో తేల్చే తొందర పెట్టుకోకు, అప్పటి పత్రికలు గ్రంథాలయంలో కూర్చుని చదువు.

మొదటి రికార్డు కొన్న రోజు లేబుల్ ఫొటో, ఆ ఖాళీ జాగాలోని తేదీ ఫొటో నాకు పంపు. డబ్బు ఇచ్చేలోపే పంపితే ఇంకా మంచిది, ఏ వేళైనా ఫోను తీస్తాను. హుండీ దగ్గర డబ్బు చాలకపోతే అప్పు చెయ్యకు, మీ నాన్నకూ చెప్పకు. నాకు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న